వేలంలో పోయిన ప్రథమ ఫలం

“ఎవరికీ చూపించొద్దన్నావు. నేను చూపించలేదమ్మా. ఇచ్చాను, అంతే.”

శ్యాంబాబు మళ్ళీ అదే మాట అన్నాడు. సారిక ఫోను బల్ల మీద బోర్లా పెట్టి మేనమామ ముఖంలోకి చూసింది.

“ఎవరికిచ్చావు మామయ్యా?”

“దేవుడికి.”

“దేవుడికిస్తే ఏ ఇబ్బందీ లేదు. ఆయన ఎవరికీ చెప్పడు. ఆ తర్వాత?”

“తర్వాత నాకేంటి సంబంధం? కానుకల బల్ల మీద పెట్టాక అది నాది కాదు, సంఘానిది. పెద్దలు వేలానికి పెట్టారు. వీరాస్వామి గారు పాడుకున్నారు.”

“రొయ్యల చెరువుల వీరాస్వామి గారేనా?”

“ఆయనే.”

“ఊరందరిలోకీ ఆ ట్రే చూడకూడని మనిషంటూ ఉంటే ఆయనే కదా మామయ్యా!”

సారిక తండ్రి రమేష్ బాబు మాస్టారు కిటికీ పక్కన కూర్చుని ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాడు. దిద్దుతున్నట్టు కనిపిస్తున్నాడు అనడం నిజం. ఎర్ర సిరా పెన్ను ఒకే పేపరు మీద చాలాసేపటి నుంచి ఆగిపోయి ఉంది.

నిన్న ఆదివారం కోత పండుగ. పాలకొల్లులో వాళ్ళ చర్చికి, వాళ్ళ మాటల్లో గుడికి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా జనం వస్తారు. వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, ఎవరి కష్టంలో మొదటిది వాళ్ళు తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలంపాట. భార్య ప్రసన్నకుమారి పోయిన దగ్గర్నుంచి రమేష్ బాబు గుడికి వెళ్ళడం లేదు. సారిక హైదరాబాదు నుంచి నిన్న సాయంత్రం గానీ రాలేదు. పండుగకి వెళ్ళింది ప్రసన్న తమ్ముడు శ్యాంబాబు, వాళ్ళమ్మ సంపూర్ణమ్మ.

“వాణ్ణేమీ అనకే” వంటింట్లోంచి సంపూర్ణమ్మ గొంతు వినిపించింది. “మొదటిది దేవుడికివ్వక మరెవరికిస్తారు? నువ్వు కాలేజీ ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి జీతం కవర్లో పెట్టి గుడిలో ఇవ్వలేదూ?”

“అవి డబ్బులు అమ్మమ్మా. డబ్బు ఎలా పనిచేస్తుందో లోకానికి ముందే తెలుసు.”

శ్యాంబాబుకి నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని గుర్తొచ్చి మీసం సర్దుకున్నాడు.

రొయ్యల చెరువుల్లో చెక్ ట్రే అని ఒకటి వాడతారు. ఇనప చువ్వని గుండ్రంగా వంచి, వల బిగించి, గుప్పెడు మేత వేసి నీళ్ళలోకి దించుతారు. కాసేపటికి తాడు పట్టి పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూసి, రొయ్యలు తింటున్నాయో లేదో తెలుసుకుంటారు. చిక్కేమిటంటే, లాగేటప్పుడే మిగిలిన మేత నీళ్ళతో పాటు పక్కలకి జారిపోతుంది. ఖాళీ ట్రే చూసి రైతు రొయ్యలు బాగా తిన్నాయనుకుంటాడు. మర్నాడు ఇంకాస్త ఎక్కువ వేస్తాడు. తినని మేత చెరువు అడుగున కుళ్ళుతుంది.

చెరువు గట్ల మీద మోటార్లు బాగుచేసే శ్యాంబాబు ఒకరోజు ఈ సంగతి అక్క దగ్గర చెప్పుకున్నాడు. అప్పుడు ప్రసన్న చేతిలో లేసు సూది ఉంది. ఆవిడ చేతిలో అది లేని సమయం తక్కువ. నైలాన్ దారంతో ట్రే చుట్టూ మెత్తటి అంచు అల్లింది. అంచు పైన వరసగా రింగులు. తాడు ఆ రింగుల్లోంచి చుట్టూ తిరిగి పైకి వస్తుంది. లాగగానే ముందు అంచు చేతిసంచి మూతిలా ముడుచుకుంటుంది, ఆ తర్వాతే ట్రే లేస్తుంది. మిగిలిన మేత మిగిలినట్టే పైకి వస్తుంది. ఆవిడ చేసిన ట్రేలు రెండు, రెండోది ఇంట్లోనే ఉంది.

దాని మీద సారిక రాసిన దరఖాస్తు రేపు చెన్నై పేటెంటు ఆఫీసుకి వెళ్ళాలి. ఆమె సొంతంగా రాసిన మొదటి దరఖాస్తు అది. కనిపెట్టినవాళ్ళు అన్నచోట రెండు పేర్లున్నాయి. ప్రసన్నకుమారి, శ్యాంబాబు. రాత్రి భోజనాల ముందు కూతురు లాప్‌టాప్ తెరిచి ఉంచితే రమేష్ బాబు ఆ పేరు చూశాడు. చూసి, మంచినీళ్ళ గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

“ఇప్పుడేమైందో నాకర్థమయ్యేలా చెప్పమ్మా” అన్నాడు శ్యాంబాబు. “వీరాస్వామి గారు మంచివారు. కాపీ కొట్టే రకం కాదు.”

“ఆయన మంచితనం ఎవరూ అడగరు మామయ్యా. దరఖాస్తు వేసే రోజుకి ఆ వస్తువు కొత్తదై ఉండాలి. అంటే అది ఎలా పనిచేస్తుందో బయట ఎవరికీ తెలిసి ఉండకూడదు. తెలిసిందా, పేటెంటు రాదు. వచ్చినా నిలబడదు. రేపు ఏ కంపెనీ అయినా అదే ట్రే వేలకు వేలు చేసి అమ్ముకుంటుంది. ఈ ట్రేలు చెయ్యడానికి నువ్వు పెడదామనుకున్న షెడ్డు పెట్టకముందే మూతపడుతుంది.”

“ఎంతమందికి తెలిస్తే తెలిసినట్టు?”

అడిగింది రమేష్ బాబు. ఇద్దరూ కిటికీ వైపు తిరిగారు. సంపూర్ణమ్మ కూడా గరిటెతో గుమ్మంలోకి వచ్చింది.

సారిక రాజమండ్రిలో డిగ్రీ కాలేజీ ఉద్యోగం వదిలి, పేటెంటు ఏజెంటు పరీక్ష రాసి, హైదరాబాదులో ఉమాశ్రీ గారి ఆఫీసులో చేరినప్పుడు ఆయన అవుననలేదు, కాదనలేదు. “లెక్కల్లో ఎమ్మెస్సీ చేసింది కాగితాలు రాసుకోడానికా?” అని భార్యతో మాత్రం ఒకసారి అన్నాడు. ఆవిడ ఆ మాట కూతురికి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. కూతురు పక్కగదిలోనే ఉంది. ఆ తర్వాత ఆమె పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది.

“ఒక్కరు చాలు నాన్నా” అంది సారిక. “ఎవరికీ చెప్పకూడదన్న కట్టుబాటు లేని మనిషి ఒక్కరికి తెలిసినా లోకానికి తెలిసినట్టే.”

“కట్టుబాటు ఉంటే?”

“ఉంటే వాళ్ళు మనలో మనిషి కింద లెక్క. అమ్మమ్మకి తెలుసు. ఫర్వాలేదు.”

రమేష్ బాబు పెన్ను మూత పెట్టాడు. వెయ్యి ఉదాహరణలు ఒక సిద్ధాంతాన్ని నిలబెట్టలేవు, ఒక్కటి పడగొడుతుంది. ఇది తను ఏటా పిల్లలకి చెప్పేదే. దాన్ని ఇంకెవరో, ఇంకో చోట, రొయ్యల ట్రే కోసం వాడుకుంటున్నారని ఆయనకి తెలియదు.

ఫోను మోగింది. ఉమాశ్రీ గారు. సారిక స్పీకరులో పెట్టి జరిగినదంతా చెప్పింది. 

“గుడిలో వేలమా?” అంది ఉమాశ్రీ. “ఇన్నేళ్ళలో ఇది నాకు కొత్త. సరే. చట్టంలో ఒక చిన్న దారి ఉంది. నలుగురి మధ్యా పెట్టి చూస్తే తప్ప పనిచేస్తుందో లేదో తెలియని వస్తువైతే, పరీక్ష కోసం అలా పెట్టింది కొత్తదనాన్ని చెడగొట్టదు. మీ మామయ్యగారు అది పరీక్ష కోసం ఇచ్చారా? కనుక్కో సారికా. ఇస్తే రాద్దాం. ఇవ్వకపోతే రాయొద్దు.”

ఫోను పెట్టాక సారిక కుర్చీ మేనమామ దగ్గరికి లాక్కుంది. గొంతు మెత్తబడింది.

“మామయ్యా, వీరాస్వామి గారికి చెరువులున్నాయి. ఆయన పాడుకుంటే నీళ్ళలో వేసి చూస్తారు, ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది అనే కదా నువ్వు ఇచ్చింది?”

శ్యాంబాబు నోరు తెరిచాడు.

“సారికా” అన్నాడు రమేష్ బాబు. గొంతు పెంచలేదు. తరగతిలో కూడా ఆయన గొంతు పెంచడు. “ఆ ప్రశ్న మళ్ళీ అడుగు. జవాబు అందులో పెట్టకుండా.”

సారిక చెవులు ఎర్రబడ్డాయి. 

“ఎందుకిచ్చావు మామయ్యా?”

శ్యాంబాబు సంపూర్ణమ్మ వైపు చూశాడు, ఆవిడ గరిటె వైపు చూసుకుంటోంది.

“దేవుడికిచ్చిన దాన్ని పరీక్షకిచ్చానని ఎలా చెప్పనమ్మా?” అన్నాడు. “అక్క పేరున ఇచ్చాను. ఆవిడ చేత్తో అయిన మొదటిది. ఎలా పనిచేస్తుందో చూడాలని నాకు తోచనే లేదు. ఆసుపత్రికి వెళ్ళేముందు పాత దుప్పటి గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టింది. ఆ ముడి నేను విప్పలేదు. విప్పలేకపోయాను. అలాగే తీసుకెళ్ళి పెట్టాను.”

రమేష్ బాబు లేచి నిలబడ్డాడు. ఇంట్లో తను చూడని చోటు అటక ఒక్కటే. దాని మీద ఆవిడ ముడేసిన మూట ఒకటి ఇన్నాళ్ళూ ఉందని ఆయనకి తెలియదు.

“అయితే మూట విప్పకుండానే వేలం పాడారా?” సారిక కుర్చీలోంచి లేచింది.

“ఆ. ‘ప్రసన్న చేతి పని’ అన్నారు పెద్దలు. అంతే. జనం పాడారు.”

“వీరాస్వామి గారు ఇంటికెళ్ళి విప్పి ఉంటే పోయినట్టే. విప్పకపోతే బతికినట్టే. నాన్నా, బండి తాళాలు...”

“నేను తీసుకెళ్తాను” అన్నాడు రమేష్ బాబు. హెడ్మాస్టరుకి ఫోన్ చేసి, ఇవాళ సెలవు కావాలన్నాడు. అవతలి మనిషి ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టున్నాడు. “బాగానే ఉందండి. చిన్న అనుమానం. తీర్చుకోడానికి” అన్నాడు.

శ్యాంబాబు తన బండి మీద ముందు వెళ్ళాడు. వెనక తండ్రీ కూతుళ్ళు. నర్సాపురం రోడ్డు మీద రైలు గేటు దగ్గర శ్యాంబాబు దాటిపోయాడు, వీళ్ళు ఆగిపోయారు.

రైలు ఎంతకీ రాలేదు. రమేష్ బాబు ఇంజను ఆపేశాడు. వెనక ఆగిన అరటి గెలల ఆటో వాడు దిగి టీ తాగడానికి పోయాడు.

“నువ్వు రాసేది ఎలా ఉంటుంది?” అన్నాడు రమేష్ బాబు, ముందుకే చూస్తూ.

“బొమ్మలుంటాయి. వివరం ఉంటుంది. చివర్లో క్లెయిము. అసలు ప్రాణం అందులో ఉంటుంది. నాకు చెందింది ఇదీ అని ఒకే వాక్యంలో చెప్పాలి.”

“ఒకటేనా?”

“ఒకటే. ఎంత పొడుగైనా సరే, ఒకటే వాక్యం. అందులో ఉండాల్సింది ఒక్కటీ తగ్గకూడదు. అక్కర్లేనిది ఒక్కటీ ఉండకూడదు. ‘నైలాన్ దారంతో అల్లిన అంచు’ అని రాశాననుకో, ఎవడో పత్తిదారంతో అల్లి తప్పించుకుంటాడు. ‘అంచు’ అని ఊరుకుంటే, ఇదివరకు లోకంలో ఉన్న అంచులన్నీ వచ్చి పడతాయి.”

“షరతు పెరిగితే సమితి చిన్నదవుతుంది” అన్నాడు రమేష్ బాబు.

“అదే నాన్నా. ఇంటర్వ్యూలో నేను చెప్పింది కూడా అదే. ఇంజనీర్లు వస్తువు చూస్తారు, నేను హద్దు చూస్తాను అన్నాను. ఉమాశ్రీ గారు నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నారు.”

ఈ సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసింది. అద్దంలో కూతురి ముఖం సగం కనిపిస్తోంది.

“అయితే లెక్కలకి కూడా పేటెంటు తీసుకోవచ్చా?”

“ఇవ్వరు. చట్టంలోనే రాసుంది. గణిత పద్ధతులకి పేటెంటు లేదు.”

“మంచిపని చేశారు” అన్నాడాయన.

సారిక నవ్వింది. ఆ ఇంట్లో ఎవరైనా నవ్వి చాలాకాలమైంది. ఇది ఇల్లు కాదు గనుక నవ్వు వచ్చి ఉంటుంది.

“కొత్తదైతే సరిపోతుందా మరి?”

“సరిపోదు. ఆ పని తెలిసిన మనిషికి చూడగానే తోచేది కాకూడదు. అది ఇంకో పరీక్ష.”

“ఆ మనిషి ఎవరు?”

“ఎవరూ కాదు. చట్టం ఊహించుకున్న మనిషి. తన పనిలో ఉన్న కిటుకులన్నీ తెలుసు. కొత్తగా ఆలోచించడం మాత్రం రాదు.”

“పాపం” అన్నాడు రమేష్ బాబు.

రైలు వెళ్ళింది. గేటు లేచింది.

వీరాస్వామి ఇల్లు చెరువుల మధ్యలో ఉంది. నాలుగు వైపులా నీళ్ళు, నీళ్ళ మీద తెల్లగా చిమ్ముతూ, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు. మాట్లాడాలంటే కాస్త గట్టిగానే మాట్లాడాలి. శ్యాంబాబు గట్టు మీద నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళే ధైర్యం లేక వీళ్ళ కోసం ఆగాడు.

“వందనాలు మాస్టారండి!” వీరాస్వామి మేత బస్తా దించి ఎదురొచ్చాడు. “నిన్న కూడా గుడికి రాలేదేంటండి? పాస్టరు అయ్యగారు అడిగారు.”

“వందనాలండి” అన్నాడు రమేష్ బాబు. 

“వీరాస్వామి గారండి” సారిక ఆగలేకపోయింది. “నిన్న మీరు పాడుకున్న మూట... అది చెరువులో వేశారా?”

ఆయన నొచ్చుకున్నట్టు కనిపించాడు.

“అదేం మాటమ్మా? దేవుడి పేరున పాడుకున్నదాన్ని తీసుకెళ్ళి రొయ్యల్లో ముంచుతానా? నేను ముడి కూడా ముట్టుకోలేదు. బైబిలు పక్కన పెట్టమని మా ఆవిడ చేతికిచ్చాను. ప్రసన్నమ్మ గారి చేతి పని. పోటీకొచ్చినవాడు తెగ పెంచాడు గానీ వదల్లేదు నేను.”

శ్యాంబాబు గట్టిగా ఊపిరి వదిలాడు. “స్తోత్రం” అన్నాడు. సారిక తండ్రి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, తనే గమనించి వదిలేసింది.

“ఒకసారి చూస్తామండి” అంది.

“రండి, రండి. చిన్నమ్మాయ్! మాస్టారు గారొచ్చారు!”

లోపలి గదిలో బల్ల మీద బైబిలు ఉంది. దాని పక్కన పాత దుప్పటి గుడ్డ, నీలం పూలది, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ దుప్పటి తమ మంచం మీద ఎన్నేళ్ళు ఉందో రమేష్ బాబుకి తెలుసు. గుడ్డలో ఏమీ లేదు.

వీరాస్వామి భార్య చిన్నమ్మాయి కిటికీ కింద చాప మీద కూర్చుని ఉంది. ట్రే ఆవిడ ఒళ్ళో ఉంది. చేతిలో లేసు సూది ఉంది.

 బయట ఏరియేటర్ల చప్పుడు ఒక్కటే.

“ఏమీ అనుకోకండి మాస్టారండి” చిన్నమ్మాయి లేవబోయి, దారం తెగుతుందని ఆగింది. “విప్పకూడదనే అనుకున్నాను. ప్రసన్నక్క ముడి చూశాక మనసాగలేదు. చూస్తే సగంలో వదిలేసి ఉంది. అలా వదిలేసినదాన్ని బైబిలు పక్కన ఎలా పెట్టను? నిన్న సాయంత్రం కూర్చుని పూర్తి చేశాను. ఇదిగో, చివరి కొస ముడెయ్యాలి.”

ఆవిడ ట్రే పైకెత్తింది. అంచు చుట్టూ వరసగా రింగులు. రింగుల్లోంచి తాడు. చిన్నమ్మాయి తాడు కొంచెం లాగింది. అంచు మెల్లగా మూతి ముడుచుకుంది.

“పోయింది” అంది సారిక, తనలో తను అనుకున్నట్టు.

శ్యాంబాబు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. మోటారు విప్పినప్పుడు చూసినట్టు, వేలు ఆనించకుండా చూశాడు.

“అక్కగారూ, సగంలో వదిలేసిందన్నారు. ఏది లేదు దీనికి?”

“రింగులు లేవు. అంచు వరకే ఉంది. రింగులు నేనేసినవే. ఇవి కొత్త దారం, చూడండి, రంగు తేడా తెలుస్తోంది.”

సారిక చప్పున తలెత్తింది.

“రింగులు లేవా? గుడిలో ఇచ్చినప్పుడు దీనికి రింగులు లేవా పిన్నిగారూ?”

“లేవమ్మా. తాడు కూడా విడిగా చుట్ట చుట్టి ఉంది.”

“మామయ్యా! ఉత్త అంచు మనది కాదు. అంచులోంచి తాడు తిరగడం, అదీ మనది. అది ఈ మూటలో లేనేలేదు. నువ్వు దేవుడికి అసలు సంగతి ఇవ్వనేలేదు!”

శ్యాంబాబుకి సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు. “తక్కువదిచ్చానంటావా?” అన్నాడు.

“మొదటిదిచ్చావు. నిజంగానే మొదటిది. రింగుల ఊహ రాకముందుది.”

సారిక నవ్వుతోంది. రైలు గేటు దగ్గర నవ్విన నవ్వే. రమేష్ బాబు ఆ నవ్వు చూశాడు, చాప మీది లేసు సూది చూశాడు. 

పనిలో ఉన్న కిటుకులన్నీ తెలిసిన మనిషి. ఒక సాయంత్రం. అంచు, విడిగా ఒక తాడు. చూడగానే రింగులు తోచాయి. చట్టం ఊహించుకున్న మనిషి చాప మీద కూర్చుని, కొస ముడేస్తోంది.

మొదటి ట్రేకి రింగులు లేవు. ఇంట్లో ఉన్న రెండో ట్రేకి ఉన్నాయి. మధ్యలో ఏం జరిగింది? ప్రసన్నకి తోచిన ఊహే చిన్నమ్మాయికి చేరిందా? లేక లేసు అల్లే ఎవరికైనా తోచేదేనా? రెండోదైతే ఆ దరఖాస్తులో పేరు ఉండదు. దరఖాస్తే ఉండదు.

ఆయన నోరు విప్పకపోతే సరిపోయేది. గదిలో ఇంకెవరికీ అది తట్టలేదు. రేపు కాగితం చెన్నై వెళ్తుంది, ప్రసన్నకుమారి అన్న పేరు అచ్చవుతుంది. ఆయన బల్ల మీది దుప్పటి గుడ్డ అంచు సవరించాడు. ఆ తర్వాత చెప్పడానికే తలెత్తాడు.

చెప్పక్కర్లేకపోయింది. సారిక నవ్వు అప్పటికే ఆగిపోయింది. ఆమె కూడా లేసు సూది వైపే చూస్తోంది.

ఈ పిల్ల లెక్కలు వదిలెయ్యలేదు, అనుకున్నాడు రమేష్ బాబు. ఆ అనుకోవడంలో సంతోషం ఉంది. ఆ సంతోషం ఇప్పుడే రావాలా అని కూడా ఉంది.

సారిక చాప మీద, చిన్నమ్మాయి ఎదురుగా కూర్చుంది.

“పిన్నిగారూ, ఈ రింగుల సంగతి అమ్మ మీకు ముందే చెప్పి...”

ఆగిపోయింది. తండ్రి వైపు చూడలేదు. చూడకుండానే, ఒక వాక్యం కొట్టేసి మళ్ళీ రాసినట్టు, మొదటి నుంచి అడిగింది.

“పిన్నిగారూ, దీనికి రింగులు వెయ్యాలని మీకెలా తెలిసింది?”

చిన్నమ్మాయి సూది ఒళ్ళో పెట్టుకుంది. భర్త వైపు చూసింది. ఆయనకేమీ తెలియదని ఆయన ముఖమే చెబుతోంది.

“మామూలుగా అయితే చెప్పేదాన్నే అమ్మా” అంది మెల్లగా. ఏరియేటర్ల చప్పుడులో వినడానికి అందరూ కాస్త ముందుకి వంగారు. “కానీ అది చెప్పాలంటే, మీ అమ్మ ఎవరితోనూ అనొద్దని నాచేత ఒట్టు వేయించుకున్న మాట కూడా చెప్పాలి. రింగులూ ఆ మాటా ఒక్కరోజువే. విడదీసి చెప్పడం నాకు రాదు.”

ఎవరితోనూ అనొద్దని. ఉదయం నుంచీ సారిక వెతుకుతున్న కట్టుబాటు ఇక్కడ, ఈ చాప మీద ఉంది. ఆమె వేళ్ళు చాప అంచుని పట్టుకున్నాయి.

“ఎవరితోనూ అంటే?” అన్నాడు శ్యాంబాబు. “మాతో కూడానా?”

“మీతో చెప్పొచ్చేమో, తమ్ముడూ.” చిన్నమ్మాయి తల తిప్పింది. కళ్ళు మాత్రం పైకెత్తలేదు. “మాస్టారితో వద్దంది. ముఖ్యంగా మాస్టారితో.”

సారిక ఏదో అనబోయింది. రమేష్ బాబు చెయ్యెత్తి ఆపాడు.

నీలం పూల దుప్పటి గుడ్డ మీద ఒకసారి చెయ్యి ఆనించి, ఆయన గుమ్మం దాకా నడిచాడు. తను గుమ్మం దాటితే కూతురికి జవాబు దొరుకుతుంది. దాటాక తను మాత్రం దాన్ని ఎప్పటికీ అడగకూడదు.

గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టి, అడుగు అన్నట్టు కూతురి వైపు వెనక్కి తిరిగి చూశాడు.